పాత కారుకు పవర్ స్టీరింగు

హిందుస్థాన్ అంబాసిడర్ కారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారమున 1958 నుండి 2014 వరకు తయారయినది. తయారీ ఆగినను తెలుగునాట కొన్ని ఇండ్ల ముంగిళ్లలో ఆ కారు నేటికిని నిలిచియున్నది. దానిని తోలుచున్న వారిలో అరువది ఏండ్లు దాటిన వారును ఉన్నారు. బాటపై సాగుచున్నప్పుడు వారికి ఇబ్బంది లేదు. ఇరుకు సందులో ముందుకు వెనుకకు త్రిప్పి నిలుపవలసినప్పుడే భుజములు పట్టివేయును. “పవర్ స్టీరింగు పెట్టించుదము నాన్నగారూ, లేకున్న అమ్మివేయుదము” అని పిల్లలు అందురు. ఈ రెంటిలో ఏది మేలో నిర్ణయించుటకు ముందు, ఆ బరువు ఎక్కడి నుండి వచ్చుచున్నదో, పవర్ స్టీరింగు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిసికొనుట అవసరము.

నిలిచియున్న కారులో స్టీరింగు చక్రము త్రిప్పినప్పుడు ముందు టైర్లు నేలను ఒరసికొనుచు తిరుగవలెను. ఇంజను బరువులో అధికభాగము వానిపైననే ఉండును. కారు కొంచెము కదలినచో టైరు దొర్లుచు తిరుగును గనుక శ్రమ తగ్గును. అందుచేతనే, మెల్లగా కదలించుచు త్రిప్పుమని అనుభవముగల డ్రైవర్లు చెప్పుదురు. అంబాసిడరులో స్టీరింగు కడ్డీ చివర పినియన్ అను చిన్న పళ్లచక్రమును, దానికి అడ్డముగా రాక్ అను పళ్లకడ్డీయు ఉండును. మనము త్రిప్పగా పినియన్ తిరిగి రాక్‌ను కుడికో ఎడమకో జరుపును. రాక్ కొనలనున్న టై రాడ్లు ముందు చక్రములను త్రిప్పును. పాత అమరికలో మన చేతిబలము తప్ప వేరొక బలము లేదు.

దీనికి యంత్రబలమును తోడుచేయు ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1926లో నూనె ఒత్తిడితో పనిచేయు స్టీరింగును కారులో అమర్చి చూపెను. 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కార్లతో దానిని అంగడికి తెచ్చెను. ఏర్పాటు ఇట్టిది: ఇంజనుకు కట్టిన బెల్టు ఒక పంపును త్రిప్పుచుండును. ఆ పంపు నూనెను స్టీరింగు పెట్టెకు చేర్చును. అచ్చట సన్నని ఉక్కు ఊచ యొకటి కలదు. చేయి త్రిప్పగా, టైర్లు ఎదురు నిలుచుటవలన, ఆ ఊచ రవంత మెలిపడును. ఆ మెలికయే కవాటమును కదలించి, మనము త్రిప్పిన దిక్కునకు నూనెను మళ్లించును. నూనె పిస్టనును నెట్టును. పిస్టను రాక్‌ను జరుపును. చేయి ఆగినంతనే మెలిక విడిపోవును, సాయము ఆగును. ఇందులో గమనింపదగిన దొకటి ఉన్నది. చేతికిని చక్రములకును నడుమనున్న లోహబంధము ఎప్పటివలెనే ఉండును. పంపు చెడినను కారును త్రిప్పవచ్చును. కాని చాల బరువుగా ఉండును.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇచ్చటనే ఉన్నది. పంపు చెడినచో భుజము నొచ్చును. టై రాడ్ కొననున్న కీలు ఊడినచో కారు మన వశమున ఉండదు. ఎంత బలమైన పవర్ స్టీరింగును ఆ కీలునకు బదులు పనిచేయజాలదు. పైగా, బిగిసిన కీళ్లను, ఎండిన గ్రీజును, గాలి తగ్గిన టైర్లను అది కప్పిపుచ్చును. మునుపు చేతికి తెలిసిన లోపము ఇక తెలియదు. కనుక బలమును చేర్చుటకు ముందు వ్యాధిని వెదకవలెను.

ఇందులకు సులభమైన పరీక్ష యొకటి కలదు. సమతలమున కారును నిలిపి, వెనుక చక్రములకు అడ్డు పెట్టి, ముందు భాగమును జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్లపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. ఇంజను ఆపియుండగా స్టీరింగును ఈ కొన నుండి ఆ కొన వరకు త్రిప్పి చూడుడు. టైర్లు నేలను తాకుట లేదు గనుక అది తేలికగా తిరుగవలెను. అప్పుడును బిగువుగా ఉన్నచో దోషము కీళ్లలోనో, రాక్‌లోనో, కడ్డీ జాయింట్లలోనో ఉన్నదనుట స్పష్టము. పిమ్మట ఒక్కొక్క చక్రమును రెండు ప్రక్కల పట్టి ఊపి చూచినచో వదులు బయటపడును. గ్రీజు పెట్టి, అరిగిన బాల్ జాయింట్లు మార్చి, టైర్లలో సరియైన గాలి నింపి, వీల్ అలైన్‌మెంట్ చేయించిన పిదప, పవర్ స్టీరింగు అక్కరయే లేదని తేలుటయు కలదు.

ఇక కారులో ఇంతకుముందే నూనె పవర్ స్టీరింగు ఉండి, అది చెడినదనుకొందము. అంబాసిడరులో కడపటి కాలపు రకములు కొన్ని పవర్ స్టీరింగుతోనే వచ్చినవి. త్రిప్పునప్పుడు మూలుగు వినబడినచో నూనె తగ్గినదో, గాలి చేరినదో చూడవలెను. నూనెలో నురుగు గాలికి గుర్తు. సాయము వచ్చుచు పోవుచు ఉన్నచో బెల్టు జారుచుండవచ్చును. ఒకవైపు తేలికగాను వేరొకవైపు బరువుగాను ఉన్నచో కవాటమునో, లోపలి సీళ్లనో అనుమానింపవలెను. పంపునకు ముందు చవుకైన వానిని చూచుట మంచిది.

పంపునే మార్చవలసి వచ్చినచో పాత నూనెనంతను కడిగివేయవలెను. అరిగిన పంపు నుండి రాలిన లోహపు పొడి గొట్టములలో మిగిలియుండి కొత్త పంపును సైతము పాడుచేయును. త్రిప్పుడు కొనకు వచ్చినప్పుడు నూనె ఒత్తిడి చదరపు అంగుళమునకు 1,000 పౌనులు దాటవచ్చును. కాబట్టి ఒత్తిడి గొట్టము ఆ పనికై చేసినదే కావలెను. నీటి గొట్టము తెచ్చి క్లిప్పుతో బిగించుట ప్రమాదము. కారిన నూనె వేడి సైలెన్సరు గొట్టముపై పడినచో మంటలు లేవవచ్చును. పంపు తయారీదారు చెప్పిన నూనెనే పోయవలెను. బ్రేకు నూనెను ఇందులో పోసినచో సీళ్లు చెడిపోవును. నింపిన తరువాత, ముందు చక్రములు ఎత్తియుండగానే, ఇంజను ఆపి స్టీరింగును ఇరువైపులకు మెల్లగా 15, 20 మారులు త్రిప్పుచు, తగ్గిన నూనెను నింపుచుండవలెను. గాలి వెడలిన పిమ్మటనే ఇంజనును నడపవలెను. కొన వరకు త్రిప్పి అచ్చటనే బిగబట్టి ఉంచు అలవాటు పంపును వేడెక్కించును.

మొదటి నుండి పవర్ స్టీరింగు లేని కారునకు రెండు త్రోవలు ఉన్నవి. ఒకటి, అదే కారు తరువాతి రకమునందలి రాక్, పంపు, గొట్టములను తెచ్చి అమర్చుట. పంపును బెల్టు వరుసలో సరిగా నిలుపుటకు తగిన బ్రాకెట్టు కావలెను. వరుస తప్పినచో బెల్టు త్రెగుచుండును. రెండవది విద్యుత్ పవర్ స్టీరింగు. 1988లో జపానులో సుజుకి సంస్థ సెర్వో అను చిన్న కారుతో దీనిని ప్రవేశపెట్టినది. ఇందులో పంపు, నూనె, గొట్టములు లేవు. చేతి మెలికను ఒక సెన్సారు కొలువగా, స్టీరింగు కడ్డీకి కూర్చిన మోటారు సాయము చేయును. పాత కారులో అమర్చుటకు ఇది సులభమని తోచును. కాని కరెంటు సంగతి ముందు చూడవలెను. ఆ మోటారునకు క్షణకాలము 30, 40 ఆంపియర్లు కావచ్చును. పాత కార్లలోని డైనమో వేగముగా తిరిగినప్పుడే సుమారు 20 ఆంపియర్లు ఇచ్చును. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు ఇచ్చునది దాదాపు శూన్యము. కారును నిలుపునది అట్టి వేళలోనే గదా! కనుక ఆల్టర్నేటరు, మంచి బ్యాటరీ, తగిన ఫ్యూజు, లావుపాటి తీగలు ముందు సిద్ధము కావలెను. కొన్ని పాత బ్రిటిషు కార్లలో బ్యాటరీ ధనధ్రువము బాడీకి కలిపియుండును. దానిని గమనింపక తగిలించిన ఎలెక్ట్రానిక్ పెట్టె కాలిపోవును.

ఇంకొక హెచ్చరిక. స్టీరింగు కడ్డీని కోసి, వేరొక కడ్డీతో ఇష్టము వచ్చినట్లు వెల్డింగు చేయుట చూచుచున్నాము. కుటుంబమంతటి ప్రాణము ఆ అతుకు మీద ఆధారపడియుండును. పళ్లు సరిపోవు జాయింట్లతో కలిపి, బోల్టులకు తాళము వేయు మేస్త్రీనే ఎన్నుకొనుడు.

కొందరు ఇదే అదనుగా త్వరగా తిరుగు రాక్‌ను కోరుదురు. చేతి శ్రమ తగ్గించుటకే పాత స్టీరింగులు ఎక్కువ చుట్లు తిరుగునట్లు చేయబడినవి. సాయము వచ్చినందున చుట్లు తగ్గించవచ్చును; కాని పాత సస్పెన్షను గల కారు 80 కిలోమీటర్ల వేగమున చేతి చిన్న కదలికకే ప్రక్కకు దూకినట్లగును. నిలుపుటకు సులువు కోరువారు పాత నిష్పత్తినే ఉంచుకొనుట మేలు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. మీ మార్పు దాని క్రిందికి వచ్చునో రాదో పని మొదలుపెట్టుటకు ముందే రవాణా కార్యాలయమును వ్రాతపూర్వకముగా అడుగుడు. బీమా సంస్థకు తెలుపుట మరువకుడు.

పని ముగిసిన పిమ్మట ఖాళీ మైదానమున నెమ్మదిగా నడపి చూడవలెను. మలుపు తిరిగినంతనే చక్రము తనంత తాను నడిమికి వచ్చుచున్నదా? ఇరువైపుల సాయము సమానముగా ఉన్నదా? చివరగా, ఇంజను ఆగినచో స్టీరింగు ఎంత బరువగునో ఇంటిలో కారు తోలు ప్రతివారును అచ్చటనే ఒకసారి త్రిప్పి తెలిసికొనవలెను. రోడ్డు మీద అది మొదటిసారి తెలియరాదు.