ఊపిరి పరీక్ష: తప్పు ఎక్కడ జరుగుతుంది?

రంజాన్ నెల వచ్చిందంటే మన ఇళ్లలో కడుపు మంట మాట ఎక్కువగా వినిపిస్తుంది. సహరీలో ఒక గ్యాస్ బిళ్ల, ఇఫ్తార్ తర్వాత ఇంకొకటి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఎక్కడైనా సరే, మందుల దుకాణంలో అడిగితే చాలు, చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. ఇలా ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారిలో కొందరికి అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. దాన్ని కనిపెట్టే ఊపిరి పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకుందాం.

అల్సర్‌కు కారం, దిగులే కారణమని ఒకప్పుడు వైద్యులు కూడా అనుకునేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగర వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో ఈ క్రిమిని వేరుచేసి చూపారు. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బుపడ్డారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాద్‌లో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కుళాయి నీళ్లు తాగేవారి కంటే బావి నీళ్లు తాగేవారిలో ఈ క్రిమి ఎక్కువగా కనిపించింది.

ఈ క్రిమికి యూరియాను విడగొట్టే గుణం ఉంది. పరీక్షలో గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియాను పరగడుపున మింగిస్తారు. కాసేపటికి సంచిలోకి ఊదమంటారు. కడుపులో క్రిమి ఉంటే ఆ గుర్తు కార్బన్ రక్తంలో కలిసి ఊపిరితో బయటికి వస్తుంది. కార్బన్-13 రకంలో రేడియేషన్ ఉండదు కాబట్టి గర్భిణులకు, పిల్లలకు ఆ రకమే వాడాలి.

సరిగా చేస్తే, క్రిమి ఉన్న 100 మందిలో సుమారు 95 మందిని ఈ పరీక్ష పట్టుకుంటుంది. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష ఇంత నమ్మదగినది కాదు. క్రిమి పోయాక కూడా అవి చాలాకాలం రక్తంలో ఉండిపోతాయి.

మరి తప్పు ఎక్కడ జరుగుతుంది? ఎక్కువగా పరీక్షకు ముందు మనం వేసుకునే బిళ్లల దగ్గరే. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి క్రిమిని చంపవు, అణచి ఉంచుతాయి. అప్పుడు ఊదితే క్రిమి ఉన్నా రిపోర్టు ‘లేదు’ అని వస్తుంది. రోగి నిశ్చింతగా ఇంటికి వెళ్తాడు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

అందుకే ఇవి గుర్తుంచుకుందాం:

1. గ్యాస్ బిళ్లలు కనీసం 2 వారాలు, యాంటీబయోటిక్స్ 4 వారాలు ఆపాకే పరీక్ష. అయితే డాక్టర్‌ను అడగకుండా ఏదీ ఆపకూడదు.

2. మందుల కోర్సు పూర్తయ్యాక కనీసం 4 వారాలు ఆగి మళ్లీ ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. మంట తగ్గినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదు.

3. యూరియా మింగితే రోజా ఉండదు. తొందర లేకపోతే రంజాన్‌కు ముందో, తర్వాతో పెట్టుకోవచ్చు. జబ్బు తీవ్రమైతే వాయిదా వద్దు. రోగికి ఇస్లాం మినహాయింపు ఇచ్చింది.

4. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం ఉంటే ఊపిరి పరీక్షతో సరిపెట్టుకోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, ఎండోస్కోపీ అవసరం కావచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న బిళ్లల అట్టలన్నీ వెంట తీసుకెళ్దాం. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.