ప్రభుత్వ డిగ్రీ కళాశాల ముంగిటికి అంతర్జాతీయ పరిశోధన పత్రికలు
విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో నూతన సేవలు – వినియోగంలో మెలకువలు

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కళాశాలలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలలోని విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు అంతర్జాతీయ పరిశోధన పత్రికలను ఎటువంటి రుసుము చెల్లించకుండా చదువుకొనేందుకు ఉద్దేశించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం 2025 జనవరి 1వ తేదీ నుండి అమలులోకి వచ్చింది. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ఈ పథకానికి 2025, 2026, 2027 సంవత్సరాలకు గాను 6,000 కోట్ల రూపాయలు కేటాయించడం జరిగింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 ఎలక్ట్రానిక్ పత్రికలను 6,300కు పైగా సంస్థలలోని దాదాపు 1.8 కోట్ల మందికి అందుబాటులోకి తేవడం దీని లక్ష్యం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆధ్వర్యంలో గాంధీనగర్‌లో పనిచేస్తున్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం పథకాన్ని సమన్వయపరుస్తున్నది.

ఈ అంకెల భావం తెలియాలంటే చిన్న లెక్క చాలు. ఏడాదికి 2,000 కోట్ల రూపాయలను 1.8 కోట్ల మందికి పంచితే తలకు సుమారు 1,100 రూపాయలు వస్తుంది. చందా లేని వ్యక్తి పెద్ద ప్రచురణ సంస్థ నుండి ఒక్క వ్యాసాన్ని విడిగా కొనుక్కోవాలంటే సాధారణంగా 30 నుండి 40 డాలర్లు, అంటే మన లెక్కలో రెండున్నర వేల రూపాయలకు పైనే చెల్లించవలసి ఉంటుంది. అయితే ఈ లెక్క లాభసాటి కావాలంటే ఆ 1.8 కోట్ల మందిలో తగినంత మంది నిజంగా పత్రికలు తెరిచి చదవాలి. అసలు విషయం అక్కడే ఉన్నది.

పాత తరం పరిశోధకులకు పత్రిక దొరకడమే పెద్ద పని. విదేశీ పత్రికల చందాలు డాలర్లలో, పౌండ్లలో చెల్లించవలసి రావడంతో 1991లో రూపాయి విలువ తగ్గించిన తరువాత గ్రంథాలయాల బడ్జెట్లు తలకిందులయ్యాయి. అనేక పత్రికలను మధ్యలోనే మానుకోవలసి వచ్చింది. కావలసిన వ్యాసం కోసం 1952లో ఢిల్లీలో ఏర్పాటైన ఇన్‌స్‌డాక్ సంస్థకు వ్రాసి నకలు తెప్పించుకొనేవారు. లేదా రచయితకే పోస్టుకార్డు వ్రాసి ప్రతి పంపమని కోరేవారు. ఈ వ్యాసకర్త చదువుకొన్న కళాశాలలో వృక్షశాస్త్ర అధ్యాపకులొకరు అటువంటి కార్డులను ముందుగానే అచ్చు వేయించి కట్టగా ఉంచుకొనేవారు. జర్మనీ నుండి వచ్చిన కవరు మీది తపాలా బిళ్ళల కోసం మేము పోటీ పడేవాళ్ళం గాని, లోపలి కాగితాల కోసం ఆయన మూడు నెలలు ఎదురు చూశారన్న సంగతి మాకప్పుడు పట్టలేదు.

ఉమ్మడి చందా ఆలోచన ఈనాటిది కాదు. యూజీసీ-ఇన్ఫోనెట్ ద్వారా 2004 నుండి విశ్వవిద్యాలయాలకు ఎలక్ట్రానిక్ పత్రికలు అందసాగాయి. కళాశాలల కోసం 2010లో ఎన్-లిస్ట్ వచ్చింది. వేర్వేరు కూటములను కలిపి 2015లో ఈ-శోధ్‌సింధు ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాట్లలో ఏ సంస్థకు ఏ పత్రికలు అందాలన్నది దాని స్థాయిని బట్టి ఉండేది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తెరుచుకొన్న వ్యాసం మండల కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో తెరుచుకొనేది కాదు. కొత్త పథకం తెచ్చిన ముఖ్యమైన మార్పు ఈ అంతరాన్ని తొలగించడమే. విశాఖపట్నంలో పరిశోధన విద్యార్థి చదివే సంచికనే పాడేరులోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల అధ్యాపకుడు కూడా అదే రోజు చదువుకొనే వీలు కలుగుతున్నది.

పాఠకులకు, బహుశా కొందరు అధికారులకు కూడా, సందేహం కలిగించే విషయం ప్రవేశ విధానం. ప్రతి సంస్థా ఒక నోడల్ అధికారిని నియమించి పథకం పోర్టల్‌లో నమోదు కావలసి ఉంటుంది. ప్రాంగణంలోని ఇంటర్నెట్ చిరునామాలను ప్రచురణ సంస్థలు గుర్తిస్తాయి గనుక ప్రాంగణంలో ఉన్న కంప్యూటర్‌పై పాస్‌వర్డు అవసరం లేకుండానే పత్రికలు తెరుచుకొంటాయి. ప్రాంగణం వెలుపల మాత్రం ఆ చిరునామా మారిపోతుంది. అప్పుడు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ‘ఇన్‌ఫెడ్’ వ్యవస్థ పనికి వస్తుంది. పాఠకుడు తన సంస్థ ఇచ్చిన గుర్తింపుతో ప్రవేశిస్తాడు. ‘ఇతడు మీవాడేనా’ అని ప్రచురణ సంస్థ అడిగితే, ‘అవును’ అని సంస్థ సమాధానమిస్తుంది. పాస్‌వర్డు ప్రచురణ సంస్థకు చేరదు.

సాయంత్రం నాలుగున్నరకు బస్సెక్కి ఊరికి వెళ్ళే విద్యార్థికి, హాస్టలు వసతి దొరకని పరిశోధకురాలికి ఈ రెండవ మార్గమే ముఖ్యం. ప్రాంగణంలో నాలుగు కంప్యూటర్లకు మాత్రమే సదుపాయం కల్పించి పథకం అమలైనట్లు నివేదిక పంపితే ప్రయోజనం నెరవేరదు. గ్రంథపాలకుని పోస్టు ఖాళీగా ఉన్న చోట ప్రిన్సిపాళ్ళు ఒక అధ్యాపకునికి ఈ బాధ్యతను లిఖితపూర్వకంగా అప్పగించి, కొత్తగా చేరిన విద్యార్థులకు ప్రవేశ సమయంలోనే లాగిన్ ఇప్పించడం అవసరం.

మరొక హెచ్చరిక. ఒకే వ్యక్తి ఒక పత్రిక సంచికలన్నింటినీ సాఫ్ట్‌వేర్ సహాయంతో గుత్తగా దించుకొంటే ప్రచురణ సంస్థలు దానిని ఒప్పంద ఉల్లంఘనగా పరిగణించి మొత్తం ప్రాంగణానికి ప్రవేశం నిలిపివేస్తాయి. ఒకరి అత్యుత్సాహానికి వందలాది మంది ఇబ్బంది పడతారు. లాగిన్ వివరాలను ఇతరులకు ఇవ్వడం కూడా నిషిద్ధం.

పథకం పరిధిలోకి రానివి కూడా స్పష్టంగా చెప్పుకోవలసి ఉంది. తొలి దశలో ప్రైవేటు కళాశాలలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు లేవు. పాఠ్యపుస్తకాలకు, తెలుగు పుస్తకాల కొనుగోలుకు ఇది ప్రత్యామ్నాయం కాదు గనుక ఆ పద్దులను తగ్గించుకోవడం పొరపాటవుతుంది. ఇంకొక భేదమున్నది. అచ్చు పత్రికకు ఒకసారి చందా కడితే బైండు చేసిన సంపుటం అలమరలో శాశ్వతంగా మిగిలేది. ఎలక్ట్రానిక్ చందా ప్రధానంగా చదువుకొనే హక్కు మాత్రమే. గడువు తీరిన తరువాత పాత సంచికలు ఏమేరకు అందుతాయన్నది ఒప్పంద షరతులపై ఆధారపడి ఉంటుంది. కనుక పాత సంపుటాలను స్థలాభావం పేరుతో తూకానికి వేసే ముందు గ్రంథాలయ సంఘాలు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఈ సందర్భంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని గుర్తు చేసుకోవడం సముచితం. 1926లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో ప్రసిద్ధ కవి అబ్బూరి రామకృష్ణరావు గ్రంథాలయాధికారిగా పనిచేశారు. దేశంలో తొలినాటి గ్రంథాలయ శాస్త్ర శిక్షణ కోర్సులలో ఒకటి 1935లో అక్కడే ప్రారంభమయింది. పుస్తకాన్ని కొనడం ఎంత పనో, పాఠకుని చేతికి చేర్చడం అంతకంటె పెద్ద పని అని గుర్తించిన ఫలితమే అటువంటి శిక్షణ.

పత్రికలు బయటి నుండి మనకు వచ్చేవి. మన నుండి బయటకు వెళ్ళవలసినది సిద్ధాంత గ్రంథం. 2009 నాటి యూజీసీ నిబంధనల మేరకు విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించవలసి ఉంది. ఆ ప్రతులను భద్రపరిచే ‘శోధ్‌గంగ’లో ఇప్పటికి ఐదు లక్షలకు పైగా గ్రంథాలు చేరాయి. ఎటువంటి రుసుము లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు. తెలుగు శాఖలలో జానపద గేయాలపై, శాసనాలపై, మాండలికాలపై జరిగిన పరిశోధన ఒకప్పుడు గ్రంథాలయంలో ఒక ప్రతి, మార్గదర్శకుని ఇంట ఒక ప్రతిగా మిగిలిపోయేది.

అయితే ఇక్కడ మన భాషకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. తెలుగు సిద్ధాంత గ్రంథాలు అనేకం డీటీపీ కేంద్రాలలో ‘అను’ వంటి యూనికోడేతర ఖతులతో తయారయ్యాయి. కంటికి అవి చక్కని తెలుగుగానే కనిపిస్తాయి. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అవి తెలుగు అక్షరాలు కావు, ఏవో గుర్తులు. ‘బతుకమ్మ’ అనో ‘తప్పెటగుళ్ళు’ అనో వెదికితే ఆ మాట వంద పుటలలో ఉన్నా ఒక్కటీ దొరకదు. పోలిక పరీక్షకూ ఇదే అవరోధం. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికలుంటే చర్య ఉండదు. 60 శాతం దాటితే పరిశోధకుని రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అక్షరాలనే గుర్తించలేని సాఫ్ట్‌వేర్ తెలుగులోని గ్రంథచౌర్యాన్ని పట్టుకోలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండే స్థానమున్నది. పాత ఖతుల నుండి మార్చే పరికరాలూ ఉన్నాయి. సమర్పణ సమయంలోనే యూనికోడ్ ప్రతి కావాలని విశ్వవిద్యాలయాలు నిర్దేశిస్తే ఈ సమస్య ముందుకు సాగదు.

ఇటువంటి అనుభవం మనకు లోగడ కూడా ఎదురయింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో జన్మించిన ప్రఖ్యాత శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించింది. ఆ ప్రతులలో అధిక భాగం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. కాని శీర్షికలను రోమన్ లిపిలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా నమోదు చేయడంతో, చేతిలో ఉన్న పుస్తకమే వెదికితే కనిపించని పరిస్థితి ఏర్పడింది. స్కానింగ్‌కు పడిన శ్రమలో కొంత సూచిక తయారీకి కూడా కేటాయించి ఉండవలసింది.

యూనికోడ్ లోపం వలన అందరికంటె ఎక్కువగా నష్టపోతున్నది దృష్టి లోపమున్న విద్యార్థులు. తెరపై ఉన్నదానిని చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది, తెలుగునూ చదువుతుంది. పాత ఖతులలోని పుటను మాత్రం అర్థం లేని అక్షరాల వరుసగా వినిపిస్తుంది. స్కాన్ చేసిన బొమ్మ ఎదురైతే మౌనం వహిస్తుంది. 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ దృష్టి లోపమున్న వారి కోసం పుస్తకాలను అనువైన రూపంలోకి మార్చడానికి అనుమతించింది. ఇదే ఉద్దేశంతో కుదిరిన మరాకష్ ఒప్పందాన్ని 2014లో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. 2016లో ప్రారంభమైన ‘సుగమ్య పుస్తకాలయ’ ద్వారా అటువంటి పుస్తకాలు అందుతున్నాయి. గ్రంథాలయంలో ఒక కంప్యూటర్, ఒక జత హెడ్‌ఫోన్లు, సహాయం చేయగల ఒక ఉద్యోగి ఉంటే ఈ సేవ ప్రారంభించవచ్చు. ప్రత్యేక నిధుల కోసం ఎదురు చూడనవసరం లేదు.

పత్రికా విలేకరులకు ఒక మాట. చందా పత్రికలు సంస్థల సభ్యులకే పరిమితం. శోధ్‌గంగతో పాటు, ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించగా 2018 జూన్ 19న జాతికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని మాత్రం ఎవరైనా ఉపయోగించుకోవచ్చు. జిల్లా చరిత్ర, సాగునీరు, చేనేత, గిరిజన జీవనం వంటి అంశాలపై కథనాలు వ్రాసేవారికి ఆయా విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలలో విలువైన సమాచారం దొరుకుతుంది.

పథకం వినియోగాన్ని, ఆయా సంస్థల నుండి వెలువడే పరిశోధన ప్రచురణలను అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఎప్పటికప్పుడు సమీక్షిస్తుంది. కేటాయింపు 2027తో ముగుస్తున్నందున, నమోదు పూర్తి కాని కళాశాలల ప్రిన్సిపాళ్ళు వెంటనే నోడల్ అధికారిని నియమించుకోవాలి. ఇప్పటికే నమోదైన సంస్థలు ప్రాంగణం వెలుపలి ప్రవేశం పనిచేస్తున్నదీ లేనిదీ ఒక విద్యార్థి ఫోన్‌లో స్వయంగా పరీక్షించి చూసుకోవలసి ఉంది.