ఫోన్ ఫోటోలు: సింక్ వేరు, భద్రపరచుట వేరు

విజయవాడ: ఇంటి నిర్మాణం పునాది దశలో ఉండగా తీసిన ఫోటోను గోడలు లేచిన తరువాత మరల తీయుటకు వీలుపడదు. నీట మునిగిన చేను ఫోటో నీరు తీసిన మరునాడు దొరకదు. ప్రమాద స్థలంలో విలేకరి తీసిన చిత్రం, వాహనాలను తొలగించిన కొద్దిసేపటికే ఏకైక సాక్ష్యంగా మిగులుతుంది. ఇవన్నీ నేడు సెల్‌ఫోనులోనే ఉంటున్నాయి. పిల్లల పుట్టినరోజులు, గతించిన పెద్దల ముఖాలు కూడా అదే ఫోనులో ఉంటున్నాయి. ‘స్టోరేజి నిండినది’ అన్న సందేశం తెరపై కనిపించినప్పుడు తొందరపాటుతో తీసుకునే ఒక్క నిర్ణయం వీటన్నింటినీ కనుమరుగు చేయగలదు.

ఫోను దొంగిలింపబడడం, నీటిలో పడడం, పాడైపోవడం అందరూ ఊహించే ప్రమాదాలే. ఊహించనిది ఏమిటంటే, యజమాని తన చేతులతోనే, తనకు తెలియకుండానే ఫోనులోనూ క్లౌడ్‌లోనూ ఒకేసారి ఫోటోలను తొలగించుకోవడం. ‘క్లౌడ్‌లో ఉన్నాయి కదా’ అన్న భరోసాతో ఫోను ఖాళీ చేసినవారు, మూడు నెలల తరువాత క్లౌడ్ తెరిచి చూస్తే అక్కడా అవి ఉండవు. సింక్ అన్న మాటకు సరైన అర్థం తెలియకపోవడమే ఇందుకు మూలం.

సింక్ అనగా నేమి?

కార్యాలయంలో అసలు దస్త్రానికి నకలు తీసి వేరొక బీరువాలో ఉంచితే, అసలు చిరిగినా నకలు మిగులుతుంది. సింక్ అటువంటి నకలు కాదు. ఒకే దస్త్రాన్ని రెండు కిటికీల నుంచి చూడడం వంటిది. ఒక కిటికీ నుంచి కాగితం లాగివేస్తే రెండవ కిటికీ నుంచి కూడా అది కనిపించదు. అన్ని పరికరాలలో ఒకే స్థితి ఉండేటట్లు చూడడమే సింక్ చేసే పని. కొత్త ఫోటో చేరితే అన్నిచోట్లా చేరుతుంది. ఒకచోట తొలగిస్తే అన్నిచోట్లా తొలగుతుంది.

ఐఫోనులోని ఐక్లౌడ్ ఫోటోల విధానం పూర్తిగా ఇదే. ఆ సదుపాయం ఆన్‌లో ఉండగా ఫోనులో ఒక ఫోటోను తొలగిస్తే ఐక్లౌడ్‌లోనూ, అదే ఖాతాతో ఉన్న ఐప్యాడ్, కంప్యూటర్లలోనూ అది తొలగిపోతుంది. ఫోనులో స్థలం మిగలాలంటే తొలగించనక్కరలేదు. సెట్టింగ్స్‌లో ‘ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్’ అనే ఎంపిక ఉన్నది. దానిని ఎంచుకుంటే పూర్తి పరిమాణపు ఫోటో ఐక్లౌడ్‌లో ఉండి, స్థలం తక్కువైనప్పుడు ఫోనులో చిన్న రూపం మాత్రమే ఉంటుంది. అయితే ఈ ఎంపిక చేసుకున్నవారి ఫోనులో అసలు ఫోటో ఉండకపోవచ్చునన్న సంగతి మరువరాదు. అటువంటి ఫోనును కంప్యూటరుకు కలిపి గ్యాలరీ అంతటినీ కాపీ చేశామనుకోవడం పొరపాటు కావచ్చు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా వాడుకలో ఉన్న గూగుల్ ఫోటోస్‌లో విషయం మరికొంత మెలికగా ఉన్నది. అందులో ఒకదానికొకటి దగ్గరగా కనిపించే రెండు పనులు ఉన్నాయి. ‘ఫ్రీ అప్ స్పేస్’ అన్నది క్లౌడ్‌కు చేరిన ఫోటోలను మాత్రమే ఫోను నుంచి తీసివేస్తుంది. క్లౌడ్ ప్రతి పదిలంగా ఉంటుంది. ‘డిలీట్’ అన్నది అలా కాదు. బ్యాకప్ అయిన ఫోటోను ఆ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోను ప్రతి, క్లౌడ్ ప్రతి రెండూ ట్రాష్‌లోకి పోతాయి. ఫోను తయారీ సంస్థ ఇచ్చే గ్యాలరీ యాప్ నుంచి తొలగిస్తే సాధారణంగా ఫోనులోని ప్రతి మాత్రమే పోతుంది గాని, ఆ గ్యాలరీ కూడా వేరొక క్లౌడ్‌తో సింక్ అయి ఉంటే అక్కడి ప్రతికీ అదే గతి. పేర్లు ఇంత దగ్గరగా పెట్టడం సంస్థల లోపమే అయినా, నష్టం మాత్రం వాడుకదారునిదే.

పొరపాటు జరిగిన తరువాత కొంత గడువు ఉంటుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులు నిలుస్తాయి. ఐఫోనులో ‘రీసెంట్లీ డిలీటెడ్’ విభాగంలో 30 రోజులు ఉంటాయి. స్థలం కోసం ట్రాష్‌ను కూడా ఖాళీ చేస్తే ఈ గడువు ఉండదు.

15 జీబీ ఎంతకాలం?

2015లో గూగుల్ ఫోటోస్ ప్రారంభమైనప్పుడు కొంత కుదించిన నాణ్యతలో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచుకొనే వీలుండేది. ఆ వెసులుబాటు 2021 జూన్ 1 నుంచి ముగిసినది. అంతకు ముందు ఆ నాణ్యతలో చేరిన ఫోటోలు లెక్కలోకి రావు. తరువాతివన్నీ ఖాతాకు లభించే 15 జీబీ ఉచిత స్థలంలోనే లెక్కింపబడతాయి. ఆ 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడూ పంచుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నాటికి ఇదే లెక్కలోకి వచ్చినది. ఐక్లౌడ్‌లో ఉచిత స్థలం 5 జీబీ మాత్రమే.

ఒక ఫోటో సుమారు 4 మెగాబైట్లు అనుకుంటే 15 జీబీలో ఇంచుమించు 3,750 ఫోటోలు పడతాయి. వీడియోల సంగతి వేరు. 4కె వీడియో రకాన్నిబట్టి నిమిషానికి సుమారు 170 నుంచి 350 మెగాబైట్లు తీసుకుంటుంది. గంటన్నర వీడియోతో 15 జీబీ నిండిపోతుంది. ఒక్క పెళ్లికి ఇది చాలదు. కనుక స్థలం చాలనప్పుడు ముందుగా చూడవలసినవి ఫోటోలు కావు. పెద్ద వీడియోలు, వాట్సాప్ గ్రూపులలో వచ్చి చేరిన శుభోదయపు చిత్రాలు, ఒకే వీడియో పలుమార్లు వచ్చిన ప్రతులు. వాట్సాప్ సెట్టింగ్స్‌లోని ‘మేనేజ్ స్టోరేజ్’ విభాగం వీటిని పరిమాణం వారీగా చూపుతుంది. ఉదయపు పువ్వుల బొమ్మలను తొలగించడానికి ఎవరూ సంకోచించనక్కరలేదు.

గూగుల్‌లో ‘స్టోరేజ్ సేవర్’ అనే ఎంపిక వలన 16 మెగాపిక్సెల్‌కు మించిన ఫోటోలు ఆ పరిమాణానికి కుదించబడతాయి. ఇంటి ఫోటోలకు ఇది చాలును. ముద్రణకు ఇవ్వవలసినవి, సాక్ష్యంగా ఉపయోగపడవలసినవి మాత్రం ‘ఒరిజినల్ క్వాలిటీ’లోనే ఉండవలెను. క్లౌడ్ స్థలం నిండిన తరువాత తీసిన ఫోటోలు పైకి చేరవు అన్నది మరొక ముఖ్య విషయం. హెచ్చరిక వస్తుంది, దానిని వేలితో పక్కకు తోసివేయడం అలవాటవుతుంది, ఆ తరువాతి నెలల ఫోటోలన్నీ ఫోనులో మాత్రమే ఉండిపోతాయి.

బ్యాకప్ ఆన్‌లో ఉన్నా చేరని ఫోటోలు

వైఫై ఉన్నప్పుడే బ్యాకప్ జరగాలన్న సెట్టింగ్ అనేక ఫోన్లలో ఉంటుంది. ఇంట్లో వైఫై లేక, మొబైల్ డేటాపైనే నడిచే ఫోనులో ఆ సెట్టింగ్ ఉంటే ఏళ్ల తరబడి ఒక్క ఫోటో కూడా పైకి చేరకపోవచ్చు. క్షేత్రస్థాయి సిబ్బంది దీనిని ప్రత్యేకంగా పరిశీలించుకొనవలెను. రోజుకు కొంత మొబైల్ డేటాను బ్యాకప్‌కు అనుమతించడమో, వారానికొకసారి వైఫై ఉన్నచోట ఫోనును ఛార్జింగ్‌లో ఉంచి యాప్‌ను తెరిచి ఉంచడమో చేయవచ్చు. బ్యాటరీ పొదుపు సెట్టింగులు కూడా బ్యాకప్‌ను మధ్యలో ఆపివేస్తాయి.

రెండవది, గూగుల్ ఫోటోస్ మొదట కెమెరాతో తీసిన ఫోటోలను మాత్రమే బ్యాకప్ చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చినవి, స్క్రీన్‌షాట్లు, ఇతర యాప్‌లు దాచినవి వేరు ఫోల్డర్లలో ఉంటాయి. ఆ ఫోల్డర్లను ‘బ్యాకప్ డివైస్ ఫోల్డర్స్’లో విడిగా ఎంచుకొనవలసి ఉంటుంది. దూరాన ఉన్న పిల్లలు పంపిన మనవల ఫోటోలు అనేకమంది పెద్దల ఫోన్లలో వాట్సాప్ ఫోల్డరులోనే ఉంటాయన్నది గమనార్హం.

బ్యాకప్ జరిగిందా లేదా అన్నది నమ్మకంపై వదలరాదు. వేరొక ఫోనులోగాని కంప్యూటరులోగాని అదే ఖాతాతో లాగిన్ అయి, నిన్న తీసిన ఒక ఫోటో, రెండేళ్ల నాటి ఒక ఫోటో, ఒక వీడియో తెరిచి, దించుకొని చూడవలెను. ఫోను మార్చే ముందు, మరమ్మతుకు ఇచ్చే ముందు, ఫ్యాక్టరీ రీసెట్ చేసే ముందు ఈ పరీక్ష తప్పనిసరి. కార్యాలయ కంప్యూటరులో చేసినట్లయితే పని ముగియగానే లాగౌట్ కావడం మరువరాదు.

సాక్ష్యంగా ఉపయోగపడే ఫోటోలు

వాట్సాప్‌లో పంపిన ఫోటో అసలు ఫోటో కాదు. అది కుదించబడుతుంది, తీసిన సమయం, స్థలం తెలిపే అంతర్గత వివరాలు తొలగిపోతాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపికలోనూ కుదింపు ఉన్నది. అసలు ఫైలు యథాతథంగా చేరవలెనంటే ‘డాక్యుమెంట్’గా పంపవలెను. గ్రూపులో పెట్టినందున ఫోటో భద్రమైనదని భావించి ఫోనులోని అసలును తొలగించడం, ముఖ్యంగా విలేకరులకు, తనిఖీ అధికారులకు చేటు తెచ్చే అలవాటు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును న్యాయస్థానం ముందుంచునప్పుడు ధ్రువపత్రం జతపరచవలెను. ఆ పత్రం నమూనాలో ఫైలు హ్యాష్ విలువను పేర్కొనవలసి ఉన్నది. హ్యాష్ అనగా ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో లేశమాత్రం మార్పు జరిగినా అది మారిపోతుంది. కుదించిన ప్రతి, కత్తిరించిన ప్రతి, రంగులు దిద్దిన ప్రతి అసలుతో సరిపోలవు. కనుక ముఖ్యమైన ఫోటోను దిద్దవలసి వస్తే నకలుపైనే దిద్ది, అసలును ముట్టుకొనకుండా ఉంచడం శ్రేయస్కరం. లబ్ధిదారుల ముఖాలు, పత్రాలు ఉన్న విధినిర్వహణ ఫోటోలు వ్యక్తిగత ఖాతాలో కుటుంబ ఫోటోలతో కలిసి ఉండడం ఏవిధంగానూ సమంజసం కాదు. నిర్దేశిత యాప్ లేదా కార్యాలయ కంప్యూటరుకు చేర్చిన తరువాత, చేరినట్లు నిర్ధారించుకొని, వ్యక్తిగత ఖాతా నుంచి వాటిని తొలగించవలెను.

మరొక బీరువాలో మరొక ప్రతి

ఛాయాగ్రాహకులలో 3-2-1 అన్న నియమం వాడుకలో ఉన్నది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, అందులో ఒకటి వేరొక చోట. ఫోను, క్లౌడ్ సింక్‌లో ఉన్నంతవరకు రెండింటినీ కలిపి ఒక్క ప్రతిగానే లెక్కించడం మంచిది. సింక్‌తో సంబంధం లేని ప్రతి ఒకటి తప్పక ఉండవలెను. మూడు నెలలకొకసారి ఫోటోలను సంవత్సరం, నెల వారీగా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో కాపీ చేసి, తీగ తీసివేసి దాచితే ఫోనులో జరిగే ఏ తొలగింపూ దానిని తాకదు. క్లౌడ్‌లో ఉన్నవాటిని దించుకొనుటకు గూగుల్ టేక్‌అవుట్ సదుపాయం ఉన్నది.

ఆ హార్డ్‌డిస్కు ఎక్కడ ఉంచుతారన్నదీ ముఖ్యమే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తినప్పుడు నీరు ఇళ్లలోకి చేరినది. కింది అరలో ఆల్బమ్, హార్డ్‌డిస్కు, పాత ఫోను ఒకేచోట ఉన్న ఇంట్లో మూడు ప్రతులున్నా ఒక్కటీ మిగలదు. ఒక ప్రతి వేరే ఊరిలోని బంధువుల ఇంట ఉంచడం ఇటువంటి వేళ అక్కరకు వస్తుంది. తక్కువ ధరకు ఎక్కువ జీబీ అని చెప్పి అమ్మే పేరులేని పెన్‌డ్రైవులను, మెమరీ కార్డులను నమ్మరాదు. వాటిపై ముద్రించిన సామర్థ్యం నిజం కాకపోవచ్చు.

ఖాతా ఎవరిది?

తల్లిదండ్రుల ఫోనులో ఈమెయిల్ ఖాతాను అమ్మకందారుడో, పక్కింటి కుర్రవాడో తెరిచి ఇవ్వడం పరిపాటి. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఫోను పాడైన రోజున క్లౌడ్‌లో ఫోటోలున్నా తలుపు తెరిచే తాళం ఉండదు. రికవరీకి ఇచ్చిన మొబైల్ నంబరు రీఛార్జి లేక రద్దయితే, 90 రోజుల గడువు తరువాత అది మరొకరికి కేటాయింపబడవచ్చు. అప్పుడు ఓటీపీ కూడా రాదు. రెండేళ్లపాటు వాడకంలో లేని ఖాతాలోని ఫోటోలను తొలగించే నిబంధన గూగుల్‌కు ఉన్నది. అటువంటి వ్యక్తిగత ఖాతాలను సైతం 2023 డిసెంబరు నుంచి తొలగించనారంభించినది. మరణించినవారి ఫోను బీరువాలో భద్రంగా ఉన్నా, వారి చివరి ఫోటోలు క్లౌడ్‌లో అంతరించిపోవచ్చు. గూగుల్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’, ఆపిల్‌లో 2021 డిసెంబరు నుంచి ‘లెగసీ కాంటాక్ట్’ అన్న సదుపాయాల ద్వారా ఖాతాదారు జీవించి ఉండగానే తమ తరువాత ఫోటోలు ఎవరికి అందవలెనో నిర్దేశించవచ్చు.

ఫోటోలు పోయినట్లు గుర్తించిన వెంటనే చేయవలసిన పని కొత్త యాప్‌ల కోసం వెదకడం కాదు. ముందుగా ట్రాష్ చూడవలెను. తదుపరి ఫోనులో వేరొక ఖాతాతో లాగిన్ అయి ఉన్నారేమో పరిశీలించవలెను. మెమరీ కార్డు నుంచి పోయినట్లయితే దానిపై మరొక ఫోటో తీయకుండా కార్డును బయటకు తీసి నిపుణులకు అప్పగించవలెను. తిరిగి దక్కే అవకాశం కొంత ఉంటుంది. ఫోను అంతర్గత స్టోరేజిలోని సమాచారం నేటి ఫోన్లలో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది గనుక పూర్తిగా తొలగిపోయిన ఫోటోను వెలికితీయడం దుర్లభం. ‘డిలీటైనవన్నీ తెచ్చిస్తాం’ అని ప్రకటించుకుంటూ కాంటాక్టులు, సందేశాలు సహా అన్ని అనుమతులూ కోరే యాప్‌లను ఇన్‌స్టాల్ చేయరాదు.