హిజ్లీ: జైలే బడి అయిన ఊరు

ఒకప్పుడు రాజ్యం పేరు, తర్వాత జైలు పేరు, ఇప్పుడు రైల్వేస్టేషన్ పేరు. ఖరగ్‌పూర్ అంచునున్న ఈ చిన్న చోటులో దేశ చరిత్రతో పాటు తెలుగు కార్మికుల చరిత్రా ముడిపడి ఉంది

హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు ఖరగ్‌పూర్ దాటి దక్షిణానికి మళ్లగానే తగిలే స్టేషన్ హిజ్లీ. టాటానగర్ వైపు నుంచి ఒడిశాకు వెళ్లే కొన్ని రైళ్లు ఖరగ్‌పూర్ పోయి ఇంజన్‌ను అటు నుంచి ఇటు మార్చుకునే అవస్థ లేకుండా ఇటుగానే వెళ్లిపోతాయి. ఇక్కడ దిగే కుర్రాళ్లలో చాలామందికి తెలిసింది ఐఐటీ ఒక్కటే. తమ విద్యాసంస్థ మొదలైంది ఒక జైల్లో అన్న సంగతి వారిలో చాలామందికి ఇక్కడికి వచ్చాకే తెలుస్తుంది.

అసలు హిజ్లీ ఇక్కడిది కాదు. ఆ పేరున్న పాత రాజ్యం ఆగ్నేయంగా చాలా దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున రసూల్‌పూర్ నది సముద్రంలో కలిసే చోట ఉండేది. తాజ్‌ఖాన్ మస్నద్-ఇ-అలా అనే పాలకుడి పేరు అక్కడి మసీదుతో, దర్గాతో ఇప్పటికీ కలిసి వినిపిస్తుంది. 1687లో మొగలు సేనలతో చెడిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ ఆ దీవిని పట్టుకున్నాడు. శత్రువు కంటే ముందు జ్వరాలు అతడి సైనికులను తినేశాయి. కొద్ది నెలలకే దీవిని వదిలేసిన చార్నాక్ 1690లో సుతానుతిలో దిగాడు. అది కలకత్తాగా పెరిగింది. హిజ్లీ తీరం ఆ తర్వాత కంపెనీకి ఉప్పు పండించే చోటుగా మిగిలింది.

ఆ పేరు లోతట్టుకు వచ్చింది పాలనా అవసరం వల్ల. విశాలమైన మిడ్నపూర్ జిల్లాను చీల్చి హిజ్లీ పేరుతో కొత్త జిల్లా ఏర్పాటు చేయాలని బ్రిటిష్ ప్రభుత్వం తలపెట్టింది. ఖరగ్‌పూర్ పక్కన ఎర్రమట్టి నేల మీద, సాల చెట్ల మధ్య దాని కార్యాలయం కోసం పెద్ద భవనం లేచింది. జిల్లా మాత్రం రాలేదు. ఖాళీగా ఉన్న భవనానికి 1930లో వేరే పని దొరికింది. శాసనోల్లంఘన ఉద్యమంతో బెంగాల్ జైళ్లు కిటకిటలాడుతున్నాయి. విచారణ లేకుండా నిర్బంధించిన వారిని ఉంచడానికి అది హిజ్లీ నిర్బంధ శిబిరం అయింది. మహిళా ఖైదీలకూ ఇక్కడ విడిగా జైలు ఉండేది.

29 రౌండ్లు

1931 సెప్టెంబర్ 16 రాత్రి శిబిరం సిపాయిలు నిరాయుధులైన ఖైదీలున్న భవనం మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. పలువురు గాయపడ్డారు. మృతదేహాలను తీసుకెళ్లడానికి సుభాష్ చంద్ర బోస్ స్వయంగా హిజ్లీ వచ్చారు. పది రోజుల తర్వాత కలకత్తా మైదానంలో జరిగిన నిరసన సభలో, అనారోగ్యంతో ఉన్నా, రవీంద్రనాథ్ ఠాగూర్ మాట్లాడారు. ప్రభుత్వం తానే నియమించిన విచారణ సంఘం భవనం మీద సుమారు 29 రౌండ్లు కాల్చారని తేల్చి, ఆ విచ్చలవిడి కాల్పులకు ఎలాంటి సమర్థనా లేదని చెప్పింది.

కథ అక్కడితో ఆగలేదు. 1932 ఏప్రిల్ 30న మిడ్నపూర్ జిల్లా మేజిస్ట్రేట్ రాబర్ట్ డగ్లస్‌ను విప్లవకారులు కాల్చి చంపారు. హిజ్లీ దమనకాండకు ఇది ప్రతీకారమన్నారు. ఆ కేసులో ప్రద్యోత్ కుమార్ భట్టాచార్యను 1933 జనవరిలో ఉరితీశారు. కోల్‌కతాలో దుర్గాపూజ రోజుల్లో జనం పోటెత్తే సంతోష్ మిత్రా స్క్వేర్‌కు ఆ పేరు హిజ్లీలో తూటా తిన్న యువకుడిదే.

శిబిరం 1937లో మూతపడింది. యుద్ధకాలంలో 1940లో మళ్లీ తెరిచి, 1942లో శాశ్వతంగా మూసేశారు. 1944లో అమెరికన్లు వచ్చారు. వారి 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం ఈ భవనమే. చుట్టుపక్కల చాకులియా, కలైకుండా, దూద్‌కుండీ, పియార్‌డోబా వైమానిక స్థావరాల నుంచి బి-29 విమానాలు లేచాయి. జూన్ 5న బ్యాంకాక్ మీద బాంబులు వేశాయి. పది రోజుల తర్వాత, చైనాలోని చెంగ్డూ మీదుగా వెళ్లి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద దాడి చేశాయి. జిల్లా కార్యాలయం కోసం కట్టిన గదుల్లో జపాన్ పటాలు పరిచారన్నమాట.

అమెరికాలోని ఎంఐటీ తరహా సాంకేతిక విద్యాసంస్థలు కావాలని నళినీ రంజన్ సర్కార్ కమిటీ సూచించింది. మొదటిది 1950లో కలకత్తాలో చిన్నగా మొదలై కొద్ది నెలల్లోనే హిజ్లీకి మారింది. కట్టిన భవనం సిద్ధంగా ఉంది, చుట్టూ కావలసినంత నేల ఉంది. 1951 ఆగస్టు 18న విద్యామంత్రి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. తొలి డైరెక్టర్ జ్ఞానచంద్ర ఘోష్. అప్పుడు విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. 1956లో తొలి స్నాతకోత్సవానికి వచ్చిన ప్రధాని నెహ్రూ, నిర్బంధ శిబిరం స్థానంలో లేచిన ఈ సంస్థను మారుతున్న భారతానికి గుర్తుగా అభివర్ణించారు. పాత జైలు ఇప్పుడు హిజ్లీ షహీద్ భవన్. అందులో 1990 నుంచి నెహ్రూ సైన్స్, టెక్నాలజీ మ్యూజియం నడుస్తోంది. రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ దువ్వూరి సుబ్బారావు ఫిజిక్స్ చదివింది ఈ ప్రాంగణంలోనే.

పట్టాల వెంట వచ్చినవారు

అయితే సుబ్బారావు ఇక్కడికి వచ్చిన తొలి తెలుగువాడేం కాదు. ప్రాంగణానికి అవతల, పట్టాల పక్కన, ఐఐటీ కంటే అర్ధశతాబ్దం ముందే తెలుగు స్థిరపడింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా చేసి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భారీ వర్క్‌షాప్ నెలకొల్పింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వెళ్లే లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం బయల్దేరిన వారికి అంతకంటే దగ్గర దారి లేదు. మథురాకాటి, నీంపురా, మలంచ లాంటి పేటల్లో తెలుగు వీధి భాష అయింది. అమ్మవారి జాతర ఇక్కడ ‘మాతా పూజ’ అయి, ఊరంతటికీ పండగైంది.

ఆ కార్మికులకు రాజకీయమూ తెలుసు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ సమ్మెతో అట్టుడికింది. బీఎన్‌ఆర్ కార్మికుల సంఘానికి వెన్నెముకగా నిలిచిన బరంపురం తెలుగువాడు వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. నాలుగేళ్లకు హిజ్లీలో తుపాకులు పేలేనాటికే, కంపెనీ మీద తిరగబడటం ఎలాగో ఈ ఊరికి అలవాటైన సంగతి.

ఒకే రైల్వే గొడుగు కింద ఉన్న ఖరగ్‌పూర్, వాల్తేరు 2003లో విడిపోయాయి. వాల్తేరు డివిజన్ ఈస్ట్‌కోస్ట్ రైల్వేలోకి వెళ్లింది. ఖరగ్‌పూర్ సౌత్ ఈస్టర్న్‌లోనే మిగిలింది. ప్రపంచంలోనే పొడవైన ప్లాట్‌ఫాం అన్న బిరుదు కూడా పోయింది. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాంను 2013లో గోరఖ్‌పూర్ (1,366 మీటర్లు), దాన్ని 2023లో హుబ్బళ్లి (1,507 మీటర్లు) దాటేశాయి. కానీ 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ కేబినెట్ తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది.

గుర్తింపు కాగితం మీద వచ్చింది. అది నిలబడేది ఇళ్లలో, బళ్లలో. ముత్తాత పలాసలోనో పార్వతీపురంలోనో రైలెక్కి వస్తే, నాలుగో తరం బెంగాలీ, హిందీ, ఇంగ్లిష్‌లలో చదువుకుంటోంది. తెలుగు మాట్లాడగలిగి చదవలేని పిల్లలకు ఆ హోదా వల్ల ఒరిగేది తక్కువ.

ఇక్కడే హిజ్లీ నేర్పే పాఠం ఉంది. సంతోష్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాల పేర్లు మిగిలింది వారు గొప్పగా చనిపోయినందుకు మాత్రమే కాదు. వారు చనిపోయిన భవనాన్ని కూల్చకుండా బడిగా వాడుకుని, తర్వాత మ్యూజియం చేసినందుకు. వర్క్‌షాప్‌లో సుత్తి పట్టిన తెలుగు తరాలకు అలాంటి భవనం లేదు. వారి చరిత్ర పెద్దల మాటల్లో, పాత పెట్టెల్లోని ఉద్యోగ కాగితాల్లో ఉంది. దాన్ని రాసిపెట్టే పని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆ పెద్దల తరం తరిగిపోతోంది.