పండరికి సైకిళ్ల మీద: ముందు తిరిగొచ్చే దారి చూసుకుందాం

ఆషాఢం దగ్గర పడుతుందంటే మన పేటల్లో మళ్లీ ఆ మాటే మొదలవుతుంది. "ఈసారి పండరికి సైకిళ్ల మీద పోదామా?" నాసిక్, పుణే వంటి ఊళ్ల నుంచి సైకిల్ బృందాలు కొన్నేళ్లుగా పండరీపురం వెళ్లొస్తున్నాయి. వాళ్లను చూసి మన పిల్లలకూ ఉత్సాహం పుట్టింది. షోలాపూర్ నుంచి పండరి సుమారు 75 కిలోమీటర్లు. రోజూ కార్ఖానాకు సైకిల్ మీద పోయి వచ్చేవాళ్లకు ఇది అందని దూరం కాదు.

అయితే తొక్కడం ఒక పని, నలభైమందిని తీసుకుపోయి తిరిగి ఇంటికి చేర్చడం ఇంకో పని. రెండోది మేం ఒకసారి సరిగ్గా చేయలేదు. ఆ సంగతి చెప్పాకే మిగతా లెక్కలు చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా వీధి నుంచి ఇరవైమందిమి బయల్దేరాం. పోవడానికి అన్నీ చూసుకున్నాం. బనియన్లు అచ్చు వేయించాం, కొబ్బరికాయలు కొట్టాం, ఫొటోలు దిగాం. రావడం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం దర్శనం అయ్యేసరికి అందరికీ కాళ్లు పట్టేశాయి. మళ్లీ తొక్కే ఓపిక ఎవరికీ లేదు. అక్కడికక్కడే ఒక సామాన్ల టెంపో మాట్లాడి, సైకిళ్లు ఎక్కించి, ఆ సైకిళ్ల మధ్యే మేమూ కూర్చున్నాం. దారిలో బండి ఒక గుంతలో పడి ఎగిరింది. పైన పేర్చిన సైకిళ్లు జారి ఒక తమ్ముడి భుజం మీద పడ్డాయి. మెడ కింది ఎముక విరిగింది. మగ్గం మీద పనిచేసే పిల్లవాడు ఆరు వారాలు చెయ్యి కట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. పని లేకపోతే కూలి లేదు కదా. వాళ్లమ్మ రాత్రి పొద్దుపోయేదాకా బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. డ్రైవర్‌ను అనడానికి ఏమీ లేదు, తప్పు మాదే.

అప్పటి నుంచి మేం పెట్టుకున్న నియమం ఒకటే. తిరుగు ప్రయాణం ఖాయం కాకుండా తేదీ ఖాయం చేయకూడదు.

తేదీ ఎప్పుడు?

సరిగ్గా ఏకాదశి నాడే చేరాలని చాలామందికి ఆశ. సైకిల్ గుంపుకు అది సరిపడదు. ఆళంది నుంచి జ్ఞానేశ్వరుల పాలకీ, దేహూ నుంచి తుకారాం పాలకీ పండరికి చేరే రోజులవి. దారుల్లో లక్షల మంది నడుస్తుంటారు, బండ్లను మళ్లిస్తారు, ఊళ్లో కాలు పెట్టే చోటు దొరకదు. అందుకే సైకిల్ బృందాలు పాలకీల కంటే ముందుగానే వెళ్లి వస్తుంటాయి. మనమూ ఏకాదశికి రెండు మూడు వారాల ముందు వచ్చే సెలవు రోజు చూసుకుంటే దర్శనమూ సులువు, బసా దొరుకుతుంది.

గాలి సంగతి కూడా మరవొద్దు. పండరి మనకు పడమర దిక్కున ఉంది. జూన్, జూలైలో గాలి పడమర, నైరుతి నుంచి జోరుగా వీస్తుంది. షోలాపూర్ వైపు వాన తక్కువ పడినా గాలికి మాత్రం తక్కువ లేదు. పోయేటప్పుడు అది ఎదురుగాలి. పొద్దు ఎక్కేకొద్దీ పెరుగుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వీపున తోస్తుంది. అందుకే పోవడం చీకటితో మొదలుపెట్టి, రావడం మర్నాటి పొద్దుటికి పెట్టుకోవడం తెలివైన పని. మొదటిసారి తొక్కేవాళ్లు ఎక్కువమంది ఉంటే చలికాలంలో వెళ్లడం ఇంకా మేలు. ఎండ తగ్గుతుంది, ఎదురుగాలి బాధ అంతగా ఉండదు.

గడియారం లెక్క

మన సైకిళ్లు చాలావరకు గేర్లు లేని బరువు సైకిళ్లు. గుంపులో గంటకు పన్నెండు, పదమూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ ఆశపడొద్దు. వేగంగా తొక్కేవాడిని చూసి లెక్క వేస్తే వెనకవాడు దెబ్బతింటాడు. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాడిని చూసి లెక్క వేయాలి.

తెల్లవారుజాము 4 గంటలకు కూడిక, 4.30కి బయల్దేరడం. పుణే రహదారి మీద మోహోళ్ సుమారు 35 కిలోమీటర్లు. 7.15 ప్రాంతంలో అక్కడికి చేరతాం. ముప్పావు గంట ఫలహారం. 8 గంటలకు పండరి దారి పట్టాలి. అక్కడి నుంచి ఇంకో 40 కిలోమీటర్లు ఎదురుగాలిలో. మధ్యలో అరగంట ఆగినా పన్నెండు, పన్నెండున్నరకు పండరి చేరవచ్చు.

మోహోళ్‌కు 8 గంటలలోపు రాలేనివాళ్లు అక్కడే సైకిల్ దిగాలి. సైకిల్ టెంపోలోకి, మనిషి ఎస్టీ బస్సులోకి. ఈ మాట బయల్దేరే ముందే అందరి ఎదుటా చెప్పాలి. దారిలో చెబితే అవమానంగా అనిపిస్తుంది, ముందే చెబితే అది పద్ధతి అవుతుంది. మోకాలు నొప్పితో మొండిగా తొక్కి మంచాన పడటం కంటే బస్సులో పోయి దర్శనం చేసుకోవడం మంచిది. పాండురంగడు సైకిల్ అడగడు.

గుంపు కట్టడం

నలభైమందీ ఒకే మూకగా పోతే వెనక వచ్చే లారీకి దారి ఉండదు. పదిమందికి ఒక జట్టు చేసుకోండి. ప్రతి జట్టుకూ ముందు ఒకరు, వెనక ఒకరు. ముందున్నవాడు వేగం పెంచకూడదు, వెనకున్నవాడు ఎవరినీ దాటకూడదు. రోడ్డు ఎడమ అంచున ఒకరి వెనక ఒకరు పోవాలి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం పేటలో సరే, రహదారి మీద వద్దు.

చీకట్లో బయల్దేరుతున్నాం గనుక ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం ఉండాలి. మడ్‌గార్డు మీద మెరిసే టేపు అంటించాలి. హెల్మెట్ పెట్టుకోవాలి. పదహారేళ్లలోపు పిల్లలను రహదారి మీదకు తేవొద్దు. పైజామా, చున్నీ, చీరకొంగు గొలుసులో పడకుండా చెయిన్ కవర్ వేయించుకోవాలి. మన అక్కలు, వదినలు కూడా వస్తామంటున్నారు, రావాలి కూడా. వాళ్ల కోసం మరుగుదొడ్డి ఉన్న పెట్రోల్ బంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే ఒకసారి బండి మీద పోయి చూసి రాసుకోవాలి. ఆగే చోట్లు ఆ చీటీని బట్టే పెట్టుకోవాలి.

మీ పేట పోలీస్ స్టేషన్‌లో తేదీ, దారి, మంది లెక్క రాసి ఒక అర్జీ ఇచ్చి, దాని నకలు దగ్గర ఉంచుకోండి. అంబులెన్స్‌కు 108, పోలీసుకు 112, జాతీయ రహదారి సహాయానికి 1033. ఈ మూడు నంబర్లూ, ఇంటి ఫోన్ నంబరూ ఒక చీటీ మీద రాసి ప్రతి ఒక్కరి జేబులో పెట్టాలి.

టెంపోలో సైకిళ్లు, బస్సులో మనుషులు

గుంపు వెనక ఒక టెంపో ఉండాలి. అందులో పంపు, పంచర్ సామాను, బ్రేకు రబ్బర్లు, పానాలు, ట్యూబులు ఉంచాలి. పెద్ద సైకిళ్లకు 28 అంగుళాల ట్యూబు, పిల్లకాయల సైకిళ్లకు చాలావాటికి 26. పాత సైకిళ్ల వాల్వు వేరు, కొత్తవాటి మోటారు వాల్వు వేరు. పంపు రెండింటికీ పట్టేదిగా చూసుకోండి. ఈ చిన్న విషయం దగ్గరే గంట పోతుంది.

సామాన్ల టెంపోలో మనుషులు ఎక్కకూడదు. అది చట్టానికి విరుద్ధం. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే. మా తమ్ముడి భుజం మాకు నేర్పిన పాఠం అది. తిరుగు ప్రయాణానికి రెండే దారులు పెట్టుకోండి. ఒకటి, సైకిళ్లు టెంపోలో, మనుషులు సాయంత్రం ఎస్టీ బస్సులో. రెండు, రాత్రి ధర్మశాలలోనో మఠంలోనో పడుకుని, పొద్దున 5 గంటలకు గాలి వెన్నంటి ఉండగా తొక్కుకుంటూ రావడం. చీకటి పడ్డాక తొక్కుతూ తిరిగి రావడం మాత్రం వద్దు. అలసిన కాళ్లకు నిద్ర తోడైతే ప్రమాదమే.

రెండో దారిలో బస ముందే మాట్లాడుకోవాలి. నలభైమందికి చోటు, నలభై సైకిళ్లకు తాళం పడే ఆవరణ, రెండూ అడగాలి.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు

భివండి నుంచి మనవాళ్లు కూడా కలుస్తామంటున్నారు. వాళ్లు కళ్యాణ్‌లో షోలాపూర్ బండి ఎక్కవచ్చు. రైల్లో సైకిల్‌ను మనతో పాటు డబ్బాలో పెట్టుకోలేం. ఉచితంగా తీసుకుపోయే సామానులో సైకిల్ లెక్కకు రాదు. మన టికెట్ చూపించి పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేస్తే మనం పోయే బండిలోనే బ్రేక్‌వ్యానులో వేయమని అడగవచ్చు. టికెట్ లేకుండా పార్సిల్‌గా ఇస్తే అది వేరే బండిలో, వేరే రోజు రావచ్చు. లగేజీగా బుక్ చేసినా వ్యానులో చోటు లేకపోతే ఆగిపోవచ్చు. అందుకని ముందురోజే ఆఫీసుకు పోయి అడిగి, ప్రయాణం నాడు రెండు గంటలు ముందుగా చేరండి.

పంపు, దీపం, నీళ్ల సీసా విప్పి చేతి సంచిలో పెట్టుకోండి. అట్టముక్క మీద పేరు, ఫోన్, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ పెద్ద అక్షరాలతో రాసి గట్టిగా కట్టండి. రసీదు పోగొట్టుకోవద్దు. బండి రెండు మూడు నిమిషాలే ఆగే స్టేషన్‌లో సైకిల్ ఎక్కించడం, దించడం కుదరదనే అనుకుని లెక్క వేసుకోండి. దిగాక ఆలస్యం చేయకుండా విడిపించుకోవాలి, లేకపోతే అదనపు రుసుము పడుతుంది. తొక్కి అలసిపోయి రైల్లో తిరిగి పోవాలనుకునేవాళ్లకు పండరిలోనూ స్టేషన్ ఉంది. అది కుర్డువాడి, మీరజ్ మధ్య లైను.

వీటన్నిటికంటే సులువైన దారి ఒకటుంది. షోలాపూర్‌లో చుట్టాలు లేని భివండి ఇల్లు తక్కువ. మనిషి రైల్లో వస్తే చాలు, సైకిల్ ఇక్కడి మామయ్య ఇంట్లో దొరుకుతుంది. అయితే వారం ముందే ఆ సైకిల్ సీటు ఎత్తు సరిచేయించి, బ్రేకులు చూపించి ఉంచమని చెప్పండి.

తిండీ నీళ్లూ

మన కడక్ రొట్టె, పల్లీల చట్నీ ఉండగా ప్యాకెట్లు కొనడం దేనికి? కడక్ జొన్నరొట్టె రోజుల తరబడి చెడదు. బెల్లం, పల్లీలు జేబులో ఉంచుకుని గంటకోసారి గుప్పెడు తినాలి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాలి. లీటరు మరగకాచిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలిపి ఒక సీసా ప్రతి జట్టు దగ్గరా ఉంచండి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా బయల్దేరొద్దు.

పండరి చేరగానే చంద్రభాగలో దిగే ముందు ఒడ్డున ఉన్నవాళ్లను అడగండి. పైన ఉజనీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే నది ఉన్నట్టుండి పెరుగుతుంది. దర్శనంలో పాదాలు తాకే వరుస పొడుగు, ముఖదర్శనం వరుస త్వరగా సాగుతుంది. సాయంత్రం బస్సు పట్టుకోవాలంటే ముఖదర్శనమే మేలు.

డబ్బు లెక్క

ఒక ఉదాహరణ చెబుతాను. టెంపో, డ్రైవర్ బత్తా, బస, మందులు, రిపేరు అన్నీ కలిపి 12,000 రూపాయలు అవుతుందనుకోండి. పేర్లు ఇచ్చింది నలభైమంది. మనిషికి 300 అని వసూలు చేస్తే చివర్లో చిక్కు వస్తుంది. తేదీ దగ్గర పడేసరికి పదిమంది తగ్గుతారు, టెంపో బాడుగ మాత్రం తగ్గదు. అందుకని ముప్పైమందికే లెక్క వేసి 400 తీసుకోండి. మిగిలితే తిరిగి ఇవ్వొచ్చు. పన్నెండు వారాల ముందు మొదలుపెడితే జీతం రోజున 35 రూపాయల చొప్పున కడితే సరిపోతుంది. లెక్క పుస్తకం ఇద్దరి దగ్గర ఉండాలి, ఖర్చు చీటీలు అందరికీ చూపించాలి.

కాగితం మీద రాయని ఖర్చు ఇంకొకటి ఉంది, పోయిన కూలి. రెండో రోజు తిరిగి వచ్చేవాళ్లు బదిలీ మనిషిని ముందే మాట్లాడుకోవాలి, సేఠ్‌కు వారం ముందు చెప్పాలి. అది కుదరనివాళ్లు మొదటి రోజు సాయంత్రమే బస్సులో వచ్చేయాలి. వాళ్లను ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఇంట్లో పొయ్యి వెలగడమూ సేవే.

ఆ రోజు భుజం విరిగిన తమ్ముడు ఈసారి తొక్కడం లేదు. టెంపో బాధ్యత తనే అడిగి తీసుకున్నాడు. డ్రైవర్ పక్క సీటులో కూర్చుని, వెనక డబ్బాలో సైకిళ్లు తప్ప ఒక్క మనిషినీ ఎక్కనివ్వనని అందరి ముందూ చెప్పాడు. "పోయేటప్పుడు దండలు మీరే వేసుకోండి, అందరూ ఇంటికి చేరారని చెప్పే ఫోన్ మాత్రం నాకు చేయండి" అన్నాడు.