యోగాభ్యాసము – మఱునాటి ఉదయము

2025వ సంవత్సరము జూన్ 21వ తేదీ ఉదయమున విశాఖపట్టణపు సముద్రతీరమున మూడు లక్షలకు పైగా జనులు ఒక్కమారుగా యోగాసనములు వేసిరి. అంతకు ముందు నెలదినములు ‘యోగాంధ్ర’ పేరిట రాష్ట్రమంతటను శిక్షణ జరిగినది. అది కన్నులపండువైన దృశ్యమే. కాని యోగవిద్యకు అసలు పరీక్ష మఱునాటి ఉదయమున ఆరంభమగును. అప్పుడు జనసమూహము లేదు, మైకులో పలుకు గొంతు లేదు, ప్రక్కవారిని చూచి చేయుటకు వీలు లేదు. ఇంటిలో ఒక మూల, ఒక చాప, మనము. ఆ ఉదయమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

అనకాపల్లికి చేరువలో శంకరము అను గ్రామము కలదు. ‘సంఘారామము’ అను మాటయే జనుల నోట అట్లు మారినదని చెప్పుదురు. అచటి బొజ్జన్నకొండ, లింగాలకొండలపై 1906 ప్రాంతమున అలెగ్జాండరు రీ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు త్రవ్వకములు జరిపి, ప్రాచీన బౌద్ధారామమును వెలుగులోనికి తెచ్చెను. కొండరాతిలో తొలచిన గుహలు, ఏకశిలా స్తూపములు, ఇటుక కట్టడములు నేటికిని చూడవచ్చును. బౌద్ధభిక్షువులకు వర్షావాసమను నియమము కలదు. వానకాలమున మూడు మాసములు సంచారము మాని, ఒకే చోట నిలిచి ధ్యానాధ్యయనములు సాగింపవలెను. బౌద్ధుల ధ్యానమును, పతంజలి యోగమును ఒకటి కావు. సిద్ధాంతమున భేదములు కలవు. అయినను ఈ నియమమునందు గృహస్థునకు పనికివచ్చు పాఠ మొకటి కలదు. మనస్సును నిలుపదలచినవారు ముందుగా చోటును, వేళను నిలుపుకొనవలెను.

అభ్యాసము వేరూనుటకు పతంజలి మూడు సంగతులు ఆవశ్యకములని చెప్పెను: చాలకాలము చేయుట, ఎడతెగక చేయుట, ఆదరముతో చేయుట. మొదటి రెంటిని అందఱును ఒప్పుకొందురు, మూడవదానిని మఱతురు. ఒక చెవి కుక్కరు కూతపైనను, ఒక కన్ను సెల్‌ఫోను పైనను ఉంచి చేసిన అరగంట కంటె, తలుపు దగ్గరగా వేసికొని శ్రద్ధతో చేసిన పది నిమిషములు మేలు. అయితే ఇల్లాలికి ఆ పది నిమిషములు ఎట్లు దొరకును? ఆ సమయమున కాఫీ కొఱకును, చొక్కా కొఱకును తక్కినవారు ఆమెను పిలువకుండిననే దొరకును. అభ్యాసము ఒక్కరిదైనను దానియెడ ఆదరము ఇంటిల్లిపాదికిని ఉండవలెను.

అభ్యాసము లోతుపడుట యనగా నేమి? కఠినములైన ఆసనములు వేయుట యని పలువురు తలంతురు. ఆసనమునకు పతంజలి కోరిన లక్షణములు రెండే: స్థిరత్వము, సుఖము. ఈ రెంటిని తూచుటకు మనకు శ్వాసయే త్రాసు. పశ్చిమోత్తానాసనమున వ్రేళ్లు పాదములకు అందలేదని చింత వలదు. వంగునప్పుడు ఊపిరి బిగబట్టుచున్నామా, దవడలు బిగించుచున్నామా అని చూచుకొనవలెను. ఊపిరి తడబడినచో ఒక బెత్తెడు వెనుకకు రావలెను. అనకాపల్లి వారికి ఈ మాట బెల్లము వండు పొయ్యివద్ద సులభముగా తెలియును. మంట మిక్కుటమైనచో పాకము మాడును. చాలనిచో అచ్చు నిలువదు. రసము కాగుచుండగా పైకి తేలిన మడ్డిని తీసివేయుచునే ఉండవలెను.

శ్రద్ధతో కూర్చుండిన కొలదినాళ్లకే మనలోని మడ్డియు పైకి తేలును. యోగనియమములలో స్వాధ్యాయ మొకటి. మోక్షశాస్త్రములను చదువుట, ప్రణవమును జపించుట యని వ్యాసభాష్యము దీనిని వివరించినది. తన్ను తాను చదువుకొనుట యని నేటి బోధకులు దీనికి మఱియొక అర్థమును చెప్పుదురు. సాధనకు అడ్డువచ్చు విఘ్నములను పతంజలి తొమ్మిదిగా లెక్కించెను: రోగము, మనస్సు మొద్దుబారుట, సందేహము, ఏమరుపాటు, సోమరితనము, విషయాసక్తి, భ్రాంతి, పై మెట్టు అందకపోవుట, అందిన మెట్టున నిలువలేకపోవుట. ఒక చిన్న పుస్తకము దగ్గర నుంచుకొని, చాప పఱవని నాడు కారణమును ఒక్క మాటలో వ్రాసికొందము. ‘తీరిక లేదు’ అని వ్రాసిన చోట్ల నిజముగా నున్నది సందేహమో, సోమరితనమో, మాసము తిరుగునప్పటికి మనకే తెలియవచ్చును. ఇది తన్ను తాను నిందించుకొనుటకు కాదు. మార్గమున రాయి ఎచట నున్నదో ఎఱుగుటకు. సాధన ఫలించుచున్నదో లేదో తెలిసికొనుటకు అద్దము అక్కఱలేదు. పిల్లవాడు పాలు ఒలకబోసినప్పుడు, కసరుమాట వెలువడక ముందు ఒక్క ఊపిరి తీసికొనగలిగితిమా యని చూచుకొనిన చాలును.

ఒక హెచ్చరిక. రక్తపుపోటు, నీటికాసులు గలవారు శీర్షాసనము వంటి తలక్రిందు ఆసనములను తమంత తాము ఆరంభింపరాదు. గర్భవతులును, వెన్నునొప్పి గలవారును వైద్యుని సలహాతో, అనుభవజ్ఞుడైన గురువు ఎదుట నేర్చుకొనవలెను. ఆసనములు వేయుచున్నామని వైద్యుడిచ్చిన మందు మానుట ప్రమాదకరము.

భిక్షువుల మూడు మాసముల నియమమును మన యింట మఱియొక విధమున పాటింపవచ్చును. ఒకే చోటు, ఒకే వేళ, పది నిమిషములు. రెండు మూడు తేలిక ఆసనములు, పిదప కన్నులు మూసికొని శ్వాసను గమనించుట. ఒకనాడు తప్పినచో మఱునాడు దానిని రెట్టింప నక్కఱలేదు. మరల ఆ పది నిమిషములే చేయుదము. మూడు మాసములు గడచిన పిమ్మట సమయమును పెంపవలెనా, అంతటితో నిలుపవలెనా అను నిర్ణయమును ఆ చిన్న పుస్తకమును చూచి ఎవరికి వారు చేసికొనవచ్చును.