మలికిపురం మట్టి విశేషాలు

కోనసీమలోని మలికిపురం చేలో కాలికి అంటుకునే నల్లని బంకమట్టిలో చాలా భాగం మన రాష్ట్రంలో పుట్టింది కాదు. నాసిక్ జిల్లా త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణించే గోదావరి, దారిలో దక్కను పీఠభూమి నల్లరాతిని, ఆ రాయి చివికి తయారైన రేగడిని కోసి తెచ్చిన సరుకది. ఆ రాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా. పాపికొండల దగ్గర తూర్పు కనుమలు మరికొంత కలిపాయి. డెల్టా తీరంలో ఇసుక మీద అలలు గీసిపోయే నల్లటి చారలు, మధ్య మధ్య ఎర్రటి మెరుపులు ఆ కొండలవే. నలుపు ఇల్మెనైట్, ఎరుపు గార్నెట్.

ఇంత మన్ను ఎందుకు కొట్టుకొచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు బంగాళాఖాతం అడుగున దొరికింది. 2006లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో సముద్రగర్భం నుంచి తీసిన ఒక మట్టి స్తంభాన్ని శాస్త్రవేత్త లివియు జియోసన్ బృందం పొరపొరా చదివి 2017లో వివరాలు ప్రచురించింది. గత 4,000 ఏళ్లలో గోదావరి పరీవాహక ప్రాంతంలో మట్టి కోత బాగా పెరిగిందట. వానలు తగ్గి చెట్టూచేమా పలచబడటం ఒక కారణం. దక్కనులో సేద్యం విస్తరించడం రెండోది. అంటే ఎగువ రైతు పోగొట్టుకున్న పైమట్టి దిగువన మన చేలలోకి చేరింది. కోనసీమ సారం గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా కలిపి చెప్పుకోవడం న్యాయం.

మలికిపురం, సఖినేటిపల్లి, రాజోలు, మామిడికుదురు మండలాలు గోదావరి పాయలైన వశిష్ఠ, వైనతేయల నడుమ లంకలో ఉన్నాయి. సుమారు 6,000 ఏళ్ల కిందట ఇక్కడ సముద్రమే ఉండేది. నది మట్టి దింపినకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది. జరిగిన ప్రతిచోటా అలలు ఒక ఇసుక మెరకను వదిలాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు వంటి పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో, తవ్వితీసిన నమూనాలతో ఈ పాత తీరరేఖలను గుర్తించారు. పరికరాలేవీ లేకుండానే మన పెద్దలు వాటిని గుర్తుపట్టినట్టు ఊళ్లు చూస్తే తెలుస్తుంది. మెరక మీద ఇళ్లు, కొబ్బరితోటలు. రెండు మెరకల మధ్య పల్లంలో వరిచేలు.

నేల తయారవడానికి అయిదు అంశాలు కావాలని నేల శాస్త్రవేత్త హాన్స్ జెన్నీ 1941లో సూత్రీకరించాడు: శీతోష్ణస్థితి, జీవజాలం, భూమి ఎత్తుపల్లాలు, మూలశిల, కాలం. మన దగ్గర అయిదోది బాగా తక్కువ. డెల్టా నేల పసిది.

ఈ నేల కింద ఏముందో చూద్దాం. సముద్రానికి నాలుగు అడుగుల దూరంలో ఇసుకలో గుంట తవ్వితే తియ్యటి నీళ్లు ఊరడం తీరంలో చాలామంది చూసే ఉంటారు. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో వేర్వేరుగా లెక్క కట్టారు. ఈ లెక్కను తిరగేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. పెద్ద మోటారు పెట్టి పైన ఒక మీటరు తోడేస్తే, కింద నుంచి ఉప్పునీరు 40 మీటర్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. కోస్తా రైతులు తరతరాలుగా తవ్వుకున్న దొరువులు లోతు లేకుండా పైపైన నీళ్లు మాత్రమే తీసుకునేవి. బాపట్లలోని లవణ నేలల పరిశోధన కేంద్రం ఆ పద్ధతినే మెరుగుపరిచింది. ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి, పైనున్న తియ్యటి పొరను మాత్రమే బావిలోకి చేర్చేలా చేసింది.

పొలం ఉప్పెక్కాలంటే సముద్రం పొంగనక్కర్లేదు. ఏప్రిల్ ఎండలో దాళ్వా కోసిన చేనుగట్టు మీద ఒక పెడ్డ తీసి చూడండి. కింది వైపు చల్లగా, తడిగా, నల్లగా ఉంటుంది. పైవైపు పిండి చల్లినట్టు తెల్లటి పొర. వేలికి అద్దుకుని నాలుకకు తగిలిస్తే ఉప్పగా, ఆ వెనకే కాస్త చేదుగా ఉంటుంది. భూమిలో తక్కువ లోతులోనే ఉన్న ఉప్పునీరు సన్నని రంధ్రాల గుండా పైకి పాకి, నీరు ఆవిరై, ఉప్పు మిగిలిపోతుంది. చేలో మంచినీరు నిలబడి ఉన్నంతకాలం ఉప్పు కిందికి అణిగి ఉంటుంది. అందుకే తీరప్రాంతంలో పంట వేయకుండా వదిలేసిన భూమి ఊరికే ఉండదు, ఉప్పెక్కుతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల కొరత గురించి చాలా చర్చ జరిగింది. బీడుపడ్డ నేల లోపల ఏం జరుగుతుందో మాట్లాడినవారు తక్కువ.

ఉప్పును అణిచి ఉంచే ఆ మంచినీరు నదిని దాటి వస్తుందని తెలుసా? ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847–52 మధ్య ఆనకట్ట కట్టిన చోట బయల్దేరే కాలువ, పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు మీదుగా వైనతేయ పాయను దాటి ఈ లంకలోకి దిగుతుంది. కింద నది, పైన కాలువ. తర్వాత కట్టిన కొత్త అక్విడెక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

నీరు రావడం సగం పనే. ఉప్పును కడిగిన నీరు బయటికి పోవాలి. కాలువ తవ్వినవాణ్ని తలుచుకున్నంతగా మురుగు కాలువ పూడిక తీసినవాణ్ని మనం తలుచుకోం. కానీ డెల్టాలో నేలను బతికించేది ఆ రెండోవాడే. మలికిపురం మండలం కేశనపల్లి వైపు శంకరగుప్తం డ్రెయిన్ పరిస్థితి చూడండి. మురుగును సముద్రంలోకి పంపాల్సిన ఆ కాలువలోకి పోటు వేళ సముద్రమే ఎదురెక్కి వస్తోంది, పాటు వేళ పూర్తిగా వెనక్కి పోవడం లేదు. ఆ నీరు తోటల్లో నిలిచిపోయి కొబ్బరిచెట్లు మొవ్వు సన్నబడి, మట్టలు వాలి, తలలు లేని మొండేలయ్యాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ఆ తోటలు చూశారు.

కొబ్బరికి ఉప్పు సరిపడదా అంటే, సరిపడుతుంది కూడా. మొక్క నాటేటప్పుడు గుంటలో గుప్పెడు ఉప్పు వేసే అలవాటు కొబ్బరి పండే చోట్ల పాతదే. ఉప్పులోని క్లోరిన్ కొబ్బరికి పోషకమని 1970ల్లో ఫిలిప్పీన్స్ పరిశోధనలు తేల్చాయి. చెట్టును చంపేది నిలవ. వేర్ల చుట్టూ ఉప్పునీరు రోజుల తరబడి కదలకుండా ఉంటే, వేరుకు గాలి అందదు.

ఇక పైనుంచి వచ్చే మట్టి సంగతి. గోదావరి 1970–79 మధ్య సగటున ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000–06 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన వ్యాసంలో లెక్క చెప్పింది. మిగతాది ఎగువ జలాశయాల అడుగున పేరుకుంటోంది. డెల్టా నేల తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతుంది, ఏటా వరద తెచ్చే కొత్త పొర ఆ లోటు పూడుస్తుంది. ఆ పొర రాకపోతే కుంగడం ఒక్కటే మిగులుతుంది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి కుంగుబాటు గురించి హెచ్చరించిన వ్యాసంలో కృష్ణ, గోదావరి రెండూ ఉన్నాయి.

చేలోకి ఉప్పు చేరే ఇంకో దారి రొయ్యల చెరువు. దాని ఉప్పు నాలుగు గట్ల మధ్యే ఉండిపోదు, పక్క చేలోకి ఊరుతుంది. 1996 డిసెంబరు 11న ఎస్.జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు, వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని కూడా ఆదేశించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ల పద్ధతి మొదలైంది. చెరువు వేసినవాడికి లాభం, గట్టు పక్కవాడికి చౌడు అన్నది మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడని లెక్క.

మట్టి నుంచి మందు కూడా వచ్చింది. అందులో మనవాడి పాత్ర ఉంది. వశిష్ఠ అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, ఆ బృందంలోని బెంజమిన్ డగ్గర్ అనేక చోట్ల నుంచి మట్టి తెప్పించి పరీక్షించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయం సాన్‌బర్న్ క్షేత్రం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. 1948లో లోకానికి పరిచయమైన ఆరియోమైసిన్ దాని నుంచి వచ్చిందే. టెట్రాసైక్లిన్ మందుల్లో అది మొదటిది.

మళ్లీ మన చౌడు సంగతికి వస్తే, అది రెండు రకాలు. పాలచౌడులో కరిగే ఉప్పు ఎక్కువ. దానికి మందు మంచినీటితో కడగడం, ఆ కడుగునీటిని బయటికి పంపడం. కారుచౌడులో సోడియం మట్టిరేణువులను పట్టేసుకుని ఉంటుంది. దానికి జిప్సం కావాలి. ఏది ఏదో కంటితో చూసి తేల్చకండి. 2015లో మొదలైన భూసార కార్డులో ఉదజని సూచికతో పాటు ఇ.సి. అనే లవణ సూచిక కూడా ఉంటుంది. ప్రయోగశాల పద్ధతిలో నానబెట్టి తీసిన ద్రావణంలో అది 4 దాటితే ఉప్పు నేలగా లెక్క. వరి దిగుబడి అంతకుముందే, 3 దగ్గరే తగ్గడం మొదలవుతుంది. నమూనాను మే నెలలో, కాలువకు నీళ్లు వదలకముందు తీయాలి. గట్ల పక్కన, పెంటకుప్పల దగ్గర, చెట్ల నీడలో వద్దు. వరిచేలో పార ‘వి’ ఆకారంలో దించి 15 సెంటీమీటర్ల లోతు మట్టి చాలు. కొబ్బరితోటలో అయితే మీటరు దాకా తవ్వి, పై మట్టిని, అడుగు మట్టిని వేర్వేరు సంచుల్లో కట్టి పంపండి.